వెనక కుడి కొయ్య

తిరుపతి
12 సెప్టెంబరు 2004

చిన్నాయనకు సుధ దాసోహాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటి ఈ పిల్ల అని మీరు పిన్ని ముఖం చూస్తూ ఉంటారు. మా ఇంట్లో ఫోన్ నాయన కుర్చీ పక్కనే ఉంటుంది. నేను అడగబోయేది నాయన చెవిన పడకూడదు, అందుకని ఉత్తరం. మీరు కూడా జవాబు కాలేజీ అడ్రసుకే వేయండి, కింద రాశాను.

కంగారు పడకండి, ప్రేమ వ్యవహారం కాదు. ఎం.సి.ఏ. ఆఖరి ఏడాది ప్రాజెక్టు. మా క్లాసులో సగం మంది ఆసుపత్రి బిల్లులు, మిగతా సగం లైబ్రరీ పుస్తకాల లెక్కలు చేస్తున్నారు. నేను కంప్యూటర్ ఆట చేస్తున్నాను. ఆట అంటే నాయనకు తుపాకులు, కార్లు, చెడిపోయిన పిల్లలు. నేను చెప్పేది ఆ రకం కాదు.

నా స్నేహితురాలు ప్రశాంతి ఇంట్లో ఒక ఆట చూశాను. కొన్ని పలకలు, కొన్ని తాళ్ళు ఇస్తారు. వాగు మీద వంతెన కట్టాలి. కట్టాక దాని మీద ఒక లారీ వెళుతుంది. నేను మొదటిసారి కట్టిన వంతెన సగం దూరం బాగానే మోసింది. తరువాత ఒక పలక వంగింది, విరిగింది, లారీ నీళ్ళలో పడింది. నన్నెవరూ తిట్టలేదు. మార్కులు తగ్గలేదు. ఏ పలక దగ్గర తప్పు జరిగిందో కళ్ళెదుటే కనిపించింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ పడింది. భోజనం కూడా మరిచిపోయి కట్టాను. చివరికి లారీ అవతలి గట్టు ఎక్కినప్పుడు ప్రశాంతి వాళ్ళమ్మ వచ్చి ఎందుకే అట్లా అరిచినావని అడిగింది.

నాకు ఆ ఆట ఎందుకంత పట్టిందో తరువాత ఆలోచించాను. మన ఇళ్ళలో ఏ పని చెడినా మొదటి ప్రశ్న ఎవరి వల్ల అని. అక్కడ ఎందువల్ల అనే ప్రశ్న ఒక్కటే ఉంటుంది. బరువుకు మొహమాటం తెలియదు.

అందుకే నా ఆటలో వంతెన వద్దనుకున్నాను. మన గుడి గరుడ వాహనం పెట్టుకున్నాను. చిన్నప్పుడు మీ ఇంటి అరుగు మీద కూర్చుని చూసేదాన్ని కదా, పెద్దవీధి మూల తిరిగేటప్పుడు అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఆ మూల తిప్పడమే ఆట. ఎవరు ఎక్కడ మోస్తారు, ఎట్లా తిప్పుతారు, గుడి అర్చకులు మీరే కాబట్టి నాకు వివరంగా రాయాలి. పిన్నికి నమస్కారాలు.

మీ
శ్రీసుధ

*

చిత్తూరు
25 సెప్టెంబరు 2004

చి. సుధకు చిన్నాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ పిన్నికి చదివి వినిపించాను. ప్రేమ వ్యవహారం కాదన్నందుకు ఆమె కొంచెం నిరాశపడింది. నేను మాత్రం సంతోషించాను. గుడి సంగతులు అడిగే పిల్లలు ఈ రోజుల్లో ఎవరున్నారు? ఆటలోకైనా స్వామిని పిలుచుకున్నావు, మంచిదే.

రాసుకో. వాహనం కింద రెండు పొడుగాటి కొయ్యలు. వాటికి నాలుగు కొసలు. నాలుగు కొసలకు నాలుగు ఇళ్ళవాళ్ళు, కొసకు ఇద్దరు చొప్పున. ముందు ఎడమ కొస మన ధర్మకర్త చెంగల్రాయుడు గారి ఇంటిది. అది పెద్ద గౌరవం, మొదటి శఠారి వాళ్ళ తల మీదే పెడతాం. ముందు కుడి వాళ్ళ దాయాదులది. వెనక ఎడమ మంగలి వీధి మలుపులో ఉండే నరేంద్ర వాళ్ళది. వెనక కుడి మునస్వామి ఇంటిది. బెల్లం మండీలో మూటలు మోసే మునస్వామి, నీకు చెరకు ముక్కలు తెచ్చి ఇచ్చేవాడు, గుర్తుందా? ఇవి తాతల నాటి చోట్లు. ఎవరూ మార్చరు, మార్చమని అడగరు.

చెంగల్రాయుడు గారి వంశం అంతా తాటిచెట్లు. వెనక రెండు ఇళ్ళవాళ్ళు పొట్టివాళ్ళు. అందుకని మన స్వామి కాస్త వెనక్కు వాలి, తీరిగ్గా కూర్చున్నట్టు వస్తాడు. పక్క ఊళ్ళవాళ్ళు ఆ వయ్యారం చూడడానికే వస్తారు.

ఇక తిప్పడం. ప్రదక్షిణం కాబట్టి ఎప్పుడూ కుడికే తిరగాలి. వెనక కుడివాళ్ళు నిలబడిన చోటే అడుగులు వేస్తూ ఉండాలి. మిగతా మూడు కొసలు వాళ్ళ చుట్టూ తిరుగుతాయి. పెద్దవీధి రోడ్డు కుడిపక్క కాలువ వైపుకు వాలుగా ఉంటుంది, అందుకే ఆ మూల కొంచెం కష్టం. గోవిందా అని గట్టిగా అంటే కష్టం తెలియదు.

ఆట పూర్తయ్యాక నాకు చూపించు. కంప్యూటర్ ముట్టుకోవడానికి మడి అడ్డం కాకపోతే ఆడి చూస్తాను.

రంగరాజు

*

తిరుపతి
20 నవంబరు 2004

చిన్నాయనకు దాసోహాలు.

ఆట నడుస్తోంది. ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను, పిన్నితో కలిసి నవ్వుకోండి.

ప్రోగ్రాంలో ప్రతి వస్తువుకూ ఒక బరువు రాయాలి. కొయ్యలకు రాశాను, గరుడుడికి రాశాను, గొడుగుకు కూడా రాశాను. స్వామి దగ్గరకు వచ్చేసరికి చేయి ఆడలేదు. స్వామికి బరువేమిటి అనిపించింది. సున్నా పెట్టి కళ్ళకద్దుకున్నాను. అంతే, వాహనం ఎట్లా మోసినా పడదు. ఒక్కడే మోసినా వెళ్ళిపోతుంది, మూల దగ్గర గిరగిరా తిరుగుతుంది. ప్రశాంతి రెండు నిమిషాలు ఆడి ఆవులించింది. పడే భయం లేనిచోట ఆట లేదు. ఆ రాత్రి దండం పెట్టుకుని స్వామికి బరువు రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. మీరు రాసినట్టే నాలుగు ఇళ్ళవాళ్ళను నిలబెట్టాను. పొడుగువాళ్ళు ముందు, పొట్టివాళ్ళు వెనక. చోట్లు మార్చడానికి వీల్లేకుండా ప్రోగ్రాంలో కట్టేశాను, ఎందుకంటే మన ఊళ్ళో మార్చరు కదా. మా క్లాసు అమ్మాయిలంతా ఆడారు. వీధి అంతా బాగానే నడుస్తారు. పెద్దవీధి మూలకు రాగానే పడిపోతుంది. నెమ్మదిగా తిప్పినా అంతే, వేగంగా తిప్పినా అంతే. ప్రతిసారీ ఒకే కొస ముందు కుంగుతుంది. వెనక కుడి.

నేను నా లెక్క తప్పేమో అనుకుని వారం రోజులు వెతికాను. తప్పు లేదు. వాహనం వెనక్కు వాలితే బరువు వెనక్కు జారుతుంది. రోడ్డు కుడికి వాలితే కుడికి జారుతుంది. తిరిగేటప్పుడు మిగతావాళ్ళు కదులుతుంటే ఆ ఇద్దరే నిలబడి పట్టాలి. మీరంతా వయ్యారం అని మురిసిపోయేది మునస్వామన్న భుజం మీద పడుతోంది.

మా జాహ్నవిది కాణిపాకం. మన వీధి గొడవలు దానికేం తెలుసు. "వీళ్ళను అటూ ఇటూ మార్చకూడదా? ఎందుకు మార్చకూడదు?" అంది. కట్టు తీసేశాను. అది చెంగల్రాయుడు గారి ఇంటిని వెనక కుడికి, మునస్వామన్న ఇంటిని ముందు ఎడమకు మార్చింది. ఆ రెండే. కుడి పక్కంతా పొడుగువాళ్ళు వచ్చారు, రోడ్డు వాలు సర్దుకుంది. వాహనం నిటారుగా నిలబడి మూల తిరిగింది. అమ్మాయిలంతా గోవిందా అని అరిచారు, వాచ్‌మన్ వచ్చి చూసి వెళ్ళాడు.

పోయిన బ్రహ్మోత్సవాలకు పరీక్షలు ఉండి నేను రాలేదు. గరుడసేవ ఎట్లా జరిగిందని ఫోన్లో అడిగితే మీరు ఒక్క మాటతో సరిపెట్టారు. మూల దగ్గర ఏమైనా జరిగిందా? మునస్వామన్న బాగున్నాడా?

మీ
సుధ

*

చిత్తూరు
8 డిసెంబరు 2004

సుధకు,

పిల్లవు, తెలియక అడిగావని జవాబు రాస్తున్నాను.

పోయిన బ్రహ్మోత్సవాల్లో పెద్దవీధి మూలలో వాహనం ఒరిగింది. గొడుగు కింద పడింది. మునస్వామి మోకాళ్ళ మీద కూలాడు. తక్కినవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి స్వామికి ఏమీ కాలేదు. మునస్వామికి గూడ ఎముక విరిగింది, పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకున్నాడు. విచారిస్తే తెలిసిందేమిటంటే, ఉత్సవానికి దీక్ష కంకణం కట్టుకున్న తరువాత అతను పలమనేరులో చావు ఇంటికి వెళ్ళి వచ్చాడు. స్నానం చేసే వచ్చినానని అన్నాడు. అది ఎవరు చూశారు? మైలతో కొయ్య పట్టాడు, స్వామి తోసేశాడు. పెద్దలు కూర్చుని ఆ ఇంటికి చోటు తీసేశారు. నీకు ఇది ఎందుకని ముందు ఉత్తరంలో పాత చోటే రాశాను. ఇక నుంచి అక్కడ చెంగల్రాయుడు గారి బావమరిది ఇంటివాళ్ళు మోస్తారు. తీర్థం దగ్గర కూడా మునస్వామిని వెనకే నిలబడమన్నారు. అతని తల్లి మునిలక్ష్మి అప్పటి నుంచి గుడికి రావడం మానేసింది. అది వాళ్ళ ఇష్టం.

ఇది ముగిసిన విషయం. నువ్వు స్వామిని పదే పదే కింద పడేసే ఆట చేశావు. దాన్ని ఆడపిల్లలంతా చేరి ఆడారు, కేకలు వేశారు. ఇది అపచారం. ఆ ఆట చెరిపేయి. మీ నాయనకు అంతా ఫోన్లో చెప్పాను.

రంగరాజు

*

తిరుపతి
2 జనవరి 2005

చిన్నాయనకు,

చెరపను.

మీరు చెప్పిన మరుసటి రోజే నాయన కాలేజీకి వచ్చాడు. మా సారు గదిలో కూర్చుని, స్వామి సేవలో బతికే ఇంట్లో ఇదేం పుట్టిందండీ అన్నాడు. సారు మెత్తటి మనిషి. నన్ను పిలిచి, "వాహనం తీసేసి నీళ్ళ ట్యాంకు పెట్టమ్మా, లెక్క ఒకటే కదా, మార్కులు వేస్తాను" అన్నారు. లెక్క ఒకటే అని నాకూ తెలుసు. నీళ్ళ ట్యాంకు పడితే మైల అనే మాట ఎవరూ అనరు. నేను మార్చనన్నాను. అయితే వైవాలో నువ్వే చూసుకో అన్నారు. నాయన ఇంట్లో నాతో మాట్లాడడం లేదు. ఉప్పు కావాలన్నా అమ్మ చేత అడిగిస్తాడు.

అపచారం అన్నారు. స్వామికి బరువు లేదనుకోవడం సులభం, మోయనివాళ్ళకు. నేనూ మొదట సున్నా పెట్టి కళ్ళకద్దుకున్నాను కదా. స్వామికి బరువు ఉందని ప్రతి ఏడూ ఒప్పుకునేది ఆ కొయ్య కింద నిలబడేవాళ్ళే. వాళ్ళ మీద పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. తీర్పు చెప్పినవాళ్ళలో వెనక కుడి కొసను ఒక్కసారైనా భుజాన పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మునస్వామన్న స్నానం చేశాడో లేదో నాకు తెలియదు. చేసి ఉన్నా ఆ మూలలో కూలేవాడు. ఇన్నేళ్ళు ఎట్లాగో తిరిగిందంటే అది ఆ ఇంటివాళ్ళ మొండితనం. పట్టుబట్ట కట్టుకుని, వారం ఉపవాసం ఉండి వచ్చినవాడు అయినా అక్కడ కూలేవాడు. రేపు ఆ బావమరిది కూడా కూలుతాడు. అప్పుడు అతని ఇంట్లో ఏ చావు వెతుకుతారు?

ఇంకొక మాట ఉంది. రాయనా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నా ఆటలో ఒకరు లేరని మొన్న గుర్తొచ్చింది. మీరు. అర్చకుడు వాహనం మీద, స్వామి పక్కన, వెనక కుడివైపు నిలబడతాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా మిమ్మల్ని లెక్కలోకి తీసుకోవాలని తోచలేదు. పిన్ని చేతి పులిహోర తిని పెరిగిన ఒళ్ళు మీది, కోపం తెచ్చుకోకండి. మిమ్మల్ని పెట్టి నడిపితే మూల తిరగడం మొదలుపెట్టగానే కూలుతోంది.

సీడీ పంపుతున్నాను. నా మాట నమ్మనక్కరలేదు. మీ గాంధీరోడ్డు నెట్ సెంటర్లో పెట్టించుకుని ఆడండి. మన చోట్లు మన చోట్లుగానే ఉంచి, వాహనాన్ని ఒక్కసారి ఆ మూల తిప్పి చూపించండి. తిప్పితే నేనే చెరిపేసి, చిత్తూరు వచ్చి మీ కాళ్ళకు మొక్కుతాను.

సుధ

*

చిత్తూరు
6 ఫిబ్రవరి 2005

సుధకు,

నీ ఉత్తరం మీద నెల రోజులు కోపంగా ఉన్నాను. కోపం ఇంకా ఉంది, పులిహోర మాట మీద ముఖ్యంగా. మీ పిన్ని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుంది.

నెట్ సెంటర్‌కు వెళ్ళింది నువ్వు తప్పని చూపించడానికే. ఆ కుర్రాళ్ళు నా నామం చూసి లేచి నిలబడ్డారు. మౌసు పట్టుకోవడం ఒకడు నేర్పాడు. మొదటిసారి స్వామి పడినప్పుడు నేను నిజంగా చెయ్యి చాపాను, అద్దం తగిలింది. చెంపలు వేసుకుని ఇంటికి వచ్చేశాను.

మరుసటి రోజు మళ్ళీ వెళ్ళాను. ఎందుకో చెప్పలేను. ముందువాళ్ళు ఇంకొంచెం ఎడమ నుంచి వస్తే సరిపోతుందని స్నానం చేస్తుంటే తోచింది. సరిపోలేదు. కాలువకు దూరంగా తిప్పితే? అప్పుడు పందిరి గుంజ తగిలింది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ సాయంత్రం ఆరాధనకు ఆలస్యంగా వెళ్ళాను, ఇన్నేళ్ళలో అట్లా ఎప్పుడూ జరగలేదు. నీకు భోజనం గుర్తులేకపోవడం ఏమిటో అప్పుడు అర్థమైంది.

నాకు కష్టం కలిగింది పడినందుకు కాదు. ప్రతిసారీ ఆ వెనక కుడి బొమ్మ మోకాళ్ళు వంగడం ముందే కనిపిస్తుంది. నేను దాన్ని చూస్తూనే తిప్పుతున్నాను. పోయిన ఏడు నేను వాహనం మీద ఉన్నాను, ముందుకు చూస్తున్నాను, అతని వైపు చూడలేదు.

చెంగల్రాయుడు గారికి ఎవరో చెప్పారు. ఆయన వచ్చి, "అదేంది సామీ, ఆడపిల్ల చేసిన బొమ్మాట మనల్ని ఓడిస్తాదా? నేను నిలబెడతా సూడండి" అని కుర్చీ లాక్కున్నాడు. పడింది. "మౌసు సరిగా లేదు" అన్నాడు. వేరే కంప్యూటర్ పెట్టారు. పడింది. ఇప్పుడు రోజూ వస్తున్నాడు. ధర్మకర్త అని ఆట ఆయనకు దారి ఇవ్వదు, అది ఆయనకు మింగుడు పడడం లేదు. వెనక నిలబడి చూసేవాళ్ళు, "చోట్లు మార్చి సూడన్నా" అంటే, "మా ఇంటి చోటు మార్చేదానికి నువ్వెవుడ్రా" అని లేచి వెళ్ళిపోతాడు. మళ్ళీ వస్తాడు.

నేను ఒప్పుకున్నానని అనుకోకు. ఆలోచిస్తున్నాను.

రంగరాజు

*

తిరుపతి
1 మార్చి 2005

చిన్నాయనకు దాసోహాలు.

నిన్న వైవా అయింది. బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఆట చూసి, బాగుంది గానీ పడే భాగం తీసేస్తే ఫస్ట్ క్లాసు అన్నారు. పడే భాగమే ఆట అన్నాను. దేవుడు పడకూడదమ్మా అన్నారు. పడకూడదు కాబట్టే మోసేవాళ్ళను సరిగ్గా నిలబెట్టాలి సార్ అన్నాను. పాస్ మార్కులు వేశారు. క్లాసులో అందరికన్నా తక్కువ నాకే. నాయన ఆ సంగతి విని చాలా రోజుల తరువాత నాతో నేరుగా ఒక మాట అన్నాడు, "ఏం సాధించినావు?" అని.

అది మీ చేతుల్లో ఉంది చిన్నాయనా. గరుడసేవ ఇంక ఇరవై రోజులు కూడా లేదు. ఆలోచిస్తున్నానని రాశారు. ఆ మూల దగ్గర ఆలోచించడానికి సమయం ఉండదు. మునస్వామన్న ఇంటిమీద పడిన మాట మీరు తీయకపోతే, మీరు వాహనం మీద నిలబడి వస్తుంటే చూడడానికి నేను రాను. ఎప్పటికీ రాను.

సుధ

*

చిత్తూరు
22 మార్చి 2005

చి. సుధకు చిన్నాయన ఆశీస్సులు.

నువ్వు రాలేదు. మీ పిన్ని అరుగు మీద నీ కోసం చోటు పట్టి ఉంచింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గరుడసేవ రోజు అలంకారం ముగిసింది. వాహనం గుడి ముందు సిద్ధంగా ఉంది, వీధి నిండా జనం. స్వామిని వాహనం మీదకు చేర్చేది నేను. నేను చేర్చలేదు. వాకిట్లో నిలబడి, మునస్వామి మీద మైల అన్న మాట తప్పు, అతను కొయ్య పడితేనే స్వామి బయలుదేరతాడు అన్నాను. అందరికీ వినబడింది.

చెంగల్రాయుడు గారు నా ముందుకు వచ్చి, "సామీ, మీ ఉద్యోగం ఇచ్చింది ఎవురో మరిచిపోయినట్టుండారే" అన్నాడు. మరిచిపోలేదు, రేపు తీసేసుకోండి, ఈ రోజు మాత్రం ఇంతే అన్నాను. మేళంవాళ్ళు వాయించడం ఆపేశారు. మీ పిన్ని అరుగు దిగి వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె అట్లా జనంలోకి రావడం నేను చూడలేదు.

ఎవరో వెళ్ళి మునస్వామిని పిలుచుకొచ్చారు. మునిలక్ష్మి కూడా వెంట వచ్చింది. అతను వాహనాన్ని చూశాడు, తన పాత చోటును చూశాడు. "నాకు ఆ చోటు వద్దు సామీ" అన్నాడు. "ఆడ మా నాయన భుజం పోయింది, నా భుజం పోయింది. ముందు ఎడమ ఇస్తే మోస్తా. లేదంటే ఇంటికి పోతా." ఇది నేను అతనికి నేర్పలేదు. నెట్ సెంటర్ తలుపు దగ్గర నిలబడి అతనూ ఎప్పుడో చూశాడట.

జనం గొల్లుమన్నారు. ఆట ఆడినవాళ్ళు ఊళ్ళో ఇప్పుడు చాలామంది ఉన్నారు. "మార్చన్నా, మార్చు" అని నాలుగు వైపులా అరిచారు. చెంగల్రాయుడు గారి ముఖం ఎర్రబడింది. ఆయన ఒప్పుకున్నది న్యాయం కోసం అనుకోకు, పంతం కోసం. "ఏందిరా ఆ వెనక చోటు, పెద్ద కొండా? నేను పడతా. ఆ మూల నేను తిప్పుతా సూడండి. సేతగానోడు సేతగానోడే" అని తువ్వాలు భుజాన వేసుకుని, తమ్ముణ్ణి లాక్కుని వెనక కుడికి వెళ్ళాడు. మునస్వామి తన ఇంటివాడొకణ్ణి తోడు తీసుకుని ముందు ఎడమకు వెళ్ళి మొక్కి, కొయ్య కింద భుజం పెట్టాడు.

స్వామిని చేర్చాను. నేను ఎక్కలేదు. అర్చకుడు ఎక్కకపోవడం ఏమిటని అడిగారు, ఈ ఏడు నడుస్తానన్నాను. వెనక కుడి కొస పక్కనే నడిచాను. మొదటి శఠారి మునస్వామి తల మీద పెట్టాను.

స్వామి నిటారుగా వచ్చాడు. వయ్యారం పోయిందని ఒకరిద్దరు ముసలివాళ్ళు బాధపడ్డారు. పెద్దవీధి మూల వచ్చింది. ఎంత సరిచేసినా ఆ మూలలో ఆ కొస బరువు ఆ కొసదే. మిగతా మూడు కొసలు తిరుగుతున్నాయి, చెంగల్రాయుడు గారు నిలబడిన చోటే అడుగులు వేస్తున్నాడు. మెడ నరాలు తేలాయి. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేడు. గోవిందా అని అందరూ అంటున్నారు, ఆయనకు నోరు పెగలలేదు. పడలేదు. మూల తిరిగింది.

తిరిగాక ఆయన నా వైపు కాకుండా నేల వైపు చూస్తూ, "ఈడ ఇంత బరువుండాదని ఇన్నేండ్లు ఎవురూ చెప్పలేదే" అన్నాడు.

ముందు నుంచి మునస్వామి, వెనక్కు తిరగకుండానే, "మీరెప్పుడూ ఆడికి రాలేదు గదన్నా" అన్నాడు.

రంగరాజు